వినకుండా వచ్చిన దీవెన

ఆదిలాబాద్ వైపు వెళ్లని వాళ్లు నన్ను మొదట అడిగేది అడవుల గురించి, జలపాతాల గురించి. నేను జలపాతాలేవీ చూడలేదు. మా యూనివర్సిటీకి కొత్త ప్రెసిడెంటు పదవి స్వీకరిస్తుంటే ఆ పండుగ చూడటానికి కరీంనగర్ నుంచి బయల్దేరాను. పండుగ బాగా జరిగింది. ఫొటోలు చూసిన వాళ్లంతా అదే మాట అంటున్నారు. ఫొటోల్లో పడనిది కొంత ఉంది. అది రాయడానికి కూర్చున్నాను.

కరీంనగర్

మా యూనివర్సిటీ పెద్ద పేరున్నదేమీ కాదు. ఆదిలాబాద్ పత్తి చేల మధ్య ఒక మిషన్ బడిగా మొదలై, కాలేజీగా పెరిగి, ఈ మధ్యే యూనివర్సిటీ అయింది. నేను అక్కడే తెలుగు చెప్పి రిటైరై కరీంనగర్‌లో స్థిరపడ్డాను. నా పక్క గదిలో లెక్కలు చెప్పిన కరుణ ఇప్పుడు ప్రెసిడెంటు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి ఆడమనిషి, ఈ ప్రాంతంలో పుట్టిన మొదటి మనిషి కూడా ఆమే. నన్ను అన్నా అని పిలుస్తుంది.

ఆమె తండ్రి దానియేలు అయ్యగారు. ఆసిఫాబాద్ అవతల ఒక చిన్న ఊళ్లో సంఘ కాపరి. వయసులో ఉన్నప్పుడు అడవి ఊళ్లన్నీ కాలినడకన తిరిగి పిల్లలకు అక్షరాలు, పెద్దలకు ప్రార్థన నేర్పిన మనిషి. భార్య ఎప్పుడో పోయింది, ఒక్కతే కూతురు. వానాకాలం నుంచి ఆయనకు ఊపిరితిత్తులు బాగా లేవు. ఘాట్ రోడ్డు మీద ప్రయాణం వద్దని డాక్టర్లు గట్టిగా చెప్పారు.

మా దగ్గర పదవి చేపట్టే వాళ్ల తల మీద పెద్దవాళ్లు ఎవరైనా చెయ్యి పెట్టి దీవించడం ఆనవాయితీ. ఇదివరకటి వాళ్లను పై అధికారులెవరో దీవించారు. కరుణ మాత్రం మా బాపు దీవిస్తడు అన్నది. ఆయన రాలేడు కాబట్టి ఒక ఏర్పాటు చేశారు. ఆ ఘడియకు నేను ఫోన్ చేయాలి, అక్కడ ఎవరో ఆయన నోటి దగ్గర ఫోన్ పట్టుకోవాలి, ఇక్కడ నేను మైకు దగ్గర పట్టుకోవాలి.

బయల్దేరే ముందు ఆమె నాకు ఫోన్ చేసింది.

"అన్నా, నువ్వు సీదా ఆదిలాబాద్ రాకు. ఆసిఫాబాద్ మీదికెళ్లి రా. ఒక్క రాత్రి బాపు తాన ఉండు. ఆయన చెప్పే దీవెన ఒక్కసారి విను. మైకంటే భయపడుతుండు. నువ్వు విని బాగుందంటే ధైర్యమొస్తది."

సరేనన్నాను. అంతకంటే చిన్న కోరిక ఉండదు. సభలో చదవడానికి నేను రాసుకున్న ప్రశంస మీదే నా మనసంతా ఉంది. దాన్ని ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా మడతలో పెట్టుకుని బస్సెక్కాను.

ధర్మపురి

జగిత్యాల దాటి ధర్మపురిలో బస్సు చాయకు ఆగింది. చాయ పది రూపాయలు. మా కరీంనగర్ బస్టాండులో అంతకే సగం నీళ్లు పోస్తారు, ఇక్కడ పాలు చిక్కగా ఉన్నాయి. గోదావరి నుంచి తడి బట్టలతో వచ్చే జనం, వాళ్ల వెనక కొబ్బరి ముక్కల కోసం కోతులు.

ఒక ముసలామె నూనె సీసా నా చేతికిచ్చి, పట్టుకో బిడ్డా అని, కొంగు ముడి సర్దుకుంది. నరసింహస్వామి గుడి ఆవరణలో యముడికి కూడా గుడి ఉంది. అక్కడి దీపంలో నూనె పోస్తే గండం తప్పుతుందని నమ్మకం. ఆమె భర్త జగిత్యాల ఆస్పత్రిలో ఉన్నాడట. నువ్వు నూనె పోసినవా అని నన్నడిగింది. మేము కిరస్తానపోళ్లం అవ్వా అన్నాను.

"అయితే? మీ తానకు యముడు రాడా?"

చాయ బండి దగ్గర ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. సీసా మూత వదులుగా ఉండి నూనె నా చేతి మీద కారింది. బస్సెక్కాక చాలాసేపు ఆ చేతిని తుడుచుకుంటూ విసుక్కున్నాను. ఆమె భర్త పేరైనా అడగలేదని ఆ విసుగులో నాకు తోచలేదు.

మంచిర్యాల నుంచి

రాయపట్నం వంతెన మీద గోదావరి దాటితే నేల రంగు మారుతుంది. లక్షెట్టిపేట దాటి మంచిర్యాల చేరేసరికి గాలిలో బొగ్గు వాసన తెలుస్తుంది. అక్కడి మెస్సులో గోదావరి చేప పులుసుతో భోజనం చేశాను. మా ఇళ్లలో చింతపండు ఎక్కువ, వీళ్లకు కారం ఎక్కువ. వడ్డించే ఆయన ఇంకో ముక్క వేసి, లెక్కలోకి రాదు తిను అన్నాడు. ఈ దారిలో నాకు దొరికిన మర్యాదలన్నీ ఇలాంటివే. తిరిగి ఒక్కటీ ఇచ్చినట్టు గుర్తు లేదు.

ఆసిఫాబాద్ బస్సులో నా పక్కన బొగ్గుబాయి కార్మికుడొకడు కూర్చున్నాడు. కూర్చున్న వెంటనే నిద్రపోయి తల నా భుజం మీద వాల్చాడు. కనురెప్పల అంచున బొగ్గు ఇంకా పోలేదు. నేను భుజం కదిపాను. తల మళ్లీ వాలింది. ఈసారి చేత్తో తోశాను. ముందు సీటులో ఉన్న అతని స్నేహితుడు వెనక్కి తిరిగాడు.

"పండుకోనియ్యి సార్. నైట్ షిఫ్ట్ దిగిండు."

ఎక్కడికి పోతున్నానని అడిగాడు. ప్రెసిడెంటు ప్రమాణ స్వీకారానికి అన్నాను. ఏ ఊరికి ప్రెసిడెంట్ అన్నాడు. ఊరికి కాదు, యూనివర్సిటీకి అన్నాను. ఎలక్షన్లెప్పుడైనయ్ అన్నాడు. ఎలక్షన్లు లేవు, కమిటీ పెట్టింది అన్నాను. అతను తల ఊపాడు.

"మా యూనియన్ల గూడ గంతే సార్. ఎలక్షన్ ఉత్తగనే."

బెల్లంపల్లి దాకా ఆ కార్మికుడి తల నా భుజం మీదే ఉంది. నేను మంచితనంతో ఉంచలేదు. స్నేహితుడు చూస్తున్నాడని ఉంచాను.

ఆసిఫాబాద్ అవతల

అయ్యగారి ఇల్లు చిన్న రేకుల గుడి పక్కనే. నేను వెళ్లేసరికి గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. తల ఆనే చోట సున్నం నున్నగా, నల్లగా మారింది. పక్కమీద వీపు ఆన్చితే ఊపిరాడదట. వానాకాలం నుంచి ఆయన నిద్ర అంతా ఆ గోడ దగ్గరే, కూర్చునే.

"పండుకొనుడంటే ఏందో మర్చిపోయిన సార్," అన్నాడు. "పండుకున్నోన్ని జూస్తె కుళ్లు పుడుతది."

ఆయనను చూసుకునేది యాకోబు. గుడి గంట కొట్టేది, ఊళ్లో బట్టలు ఇస్త్రీ చేసేది అతనే. చదివింది బైబిల్ ఒక్కటే. చదువుకున్నవాళ్లు ఎదురైతే అతనికి ఇంటి మాట పోయి ఆ గ్రంథం మాట వస్తుంది. నన్ను చూడగానే చేతులు కట్టుకుని, తేనీరు సేవించెదరా సార్ అన్నాడు. అయ్యగారు నవ్వబోతే దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక అన్నాడు.

"వీడు బర్రెను గూడ ఓ బర్రె, ఇటు రమ్ము అంటడు. అది రాదు. వీని పెండ్లాం వచ్చి రావే అంటె వస్తది."

యాకోబు సిగ్గుపడి చాయ తెచ్చాడు. పొద్దుగూకే వేళకు అతని ఇంటి నుంచి జొన్న రొట్టెలు, పుంటికూర పప్పు వచ్చాయి. మేము రాత్రి అన్నం తినకపోతే భోజనం చేసినట్టు అనుకోము. ఇక్కడ రొట్టె లేకపోతే అలా అనుకోరు. అయ్యగారు రొట్టెను పాలలో నానబెట్టి రెండు ముద్దలు తిన్నాడు. రేపు ఘాట్ మీద సీతాఫలాలు కొను, కరుణకు అవంటే పాణం అని చెప్పాడు.

తరువాత నిటారుగా కూర్చుని భుజం మీద తువ్వాలు సర్దుకున్నాడు.

"సార్, దీవెన జర వినున్రి. పెద్దగ లేదు. మైకుల తప్పువోతే బిడ్డె ఇజ్జత్ పోతది."

అప్పటికే ఆయన మళ్లీ దగ్గుతున్నాడు. ప్రతి దగ్గుకూ ఆ చిన్న గది మొత్తం కదిలినట్టు ఉంది. ఈ దగ్గు వింటూ రాత్రంతా ఇక్కడ ఎలా ఉంటానా అన్నది నా ఆలోచన. ఆసిఫాబాద్‌లో లాడ్జి చూసి వచ్చాను. మంచి పరుపు, వేడినీళ్లు. ఆటోవాడు బయట హారన్ కొడుతున్నాడు, ఇప్పుడు పోతేనే వస్తానంటాడు.

"గొంతు దాచుకోన్రి అయ్యగారు," అన్నాను. "ఎల్లుండి మైకుల అందరం వింటం."

ఆయన మళ్లీ గోడకు ఒరిగాడు.

"గంతేనంటరా? సరే. దాచుకుంట."

పోయి రమ్మన్నాడు, ఉండమని అడగలేదు. యాకోబు నా ఫోన్ నంబరు రాసుకుని, తమ ఆజ్ఞ కొరకు కనిపెట్టుకొని యుందును అన్నాడు. ఆటోలో ఆ మాట తలుచుకుని నవ్వుకున్నాను కూడా. లాడ్జిలో హాయిగా నిద్రపోయాను.

కెరమెరి ఘాట్

మరుసటి రోజు జీపులో ఘాట్ ఎక్కాను. మలుపు తిరిగిన కొద్దీ లోయ కిందకి జారుతుంది. టేకు ఆకులు ఎండి ఎర్రబడుతున్నాయి. ఫోన్లలో సిగ్నల్ పోతే జీపులో అందరూ ఒకేసారి తలలెత్తి బయటికి చూశారు.

ఘాట్ మీద గోండు ఆడవాళ్లు సీతాఫలాలు గంపల్లో పెట్టుకుని కూర్చున్నారు. గంప రెండు వందలన్నది ఒకామె. నూట యాభైకి అడిగాను. ఆమెకు తెలుగు అంతంత మాత్రం, నాకు గోండి అసలే రాదు. ఆమె గంపలోంచి కొన్ని పళ్లు తీసి పక్కన పెట్టి మిగతావి నా వైపు నెట్టింది. అది కూడా బేరమే. డబ్బిచ్చాక, తీసిన వాటిలోంచి బాగా పండిన ఒక పండు నా చేతిలో పెట్టింది. అక్కడే నిలబడి తిన్నాను. మా వైపు సీతాఫలంలో గింజలే ఎక్కువ. ఇది వెన్నలా ఉంది.

జైనూరు దాటాక గుంతల్లో సంచి బోర్లా పడింది. పళ్లు చితికి, ఆ రసం నా బట్టల సంచిలోకి కారి తెల్ల చొక్కాకు పట్టింది. కాగితం మీద నా ప్రశంస కూడా ఒక మూల తడిసింది. ఉట్నూరు, ఇంద్రవెల్లి వెళ్లిపోతుంటే నేను కిటికీలోంచి ఏమీ చూడలేదు. చొక్కానే చూసుకున్నాను.

ఆదిలాబాద్

పత్తి దింపే కాలంలో ఆదిలాబాద్ రోడ్ల పక్కన మంచు కురిసినట్టు ఉంటుంది. లారీల నుంచి రాలిన దూది కంచెలకు, కరెంటు తీగలకు అంటుకుని ఉంటుంది. జిన్నింగ్ మిల్లుల ముందు బండ్లు వరస కట్టి ఉంటాయి. పొద్దున ఫలహారానికి అటుకుల పోహా, దాని మీద ఎర్రటి పులుసు. దుకాణం ఆమె నాతో తెలుగు, మొగునితో మరాఠీ, పిల్లలతో రెండూ కలిపి మాట్లాడుతుంది. పులుసు కారమా అని అడిగితే, "జరాసా" అన్నది. నా కళ్లలోంచి నీళ్లు కారితే మొగుడికి మరాఠీలో ఏదో చెప్పి ఇద్దరూ నవ్వారు. అది మరుసటి రోజు పొద్దున.

చేరిన సాయంత్రం మాత్రం నేరుగా సభా మందిరానికి వెళ్లాను. కరుణ కుర్చీలకు తొడిగిన గుడ్డలు సరిచేస్తోంది. నన్ను చూసి అవన్నీ వదిలేసి వచ్చింది. తండ్రికి ఫోన్ చేస్తే మాట్లాడి మాట్లాడి దగ్గు పెంచుకుంటాడని, రెండు రోజులుగా చేయడం లేదట. అందుకే అన్నీ నన్నే అడిగింది.

"రాత్రి బాపు తాన్నే ఉన్నవా?"

"ఆఁ," అన్నాను.

"పండుకున్నడా?"

"పండుకున్నడమ్మా. మంచిగనే."

"వీపు ఆన్చా?"

"ఆఁ."

ఆమె దగ్గర్లో ఉన్న కుర్చీలో కూర్చుంది. గుడ్డ తొడగని కుర్చీ అది. కళ్లు తుడుచుకుని, ఎన్ని నెలలైందో అన్నా అన్నది. దీవెన ఎట్లుంది అని అడిగింది. మస్తుందమ్మా, రేపు నువ్వే వింటవ్ గదా అన్నాను. చితికిపోకుండా మిగిలిన సీతాఫలాలు ఆమె చేతిలో పెట్టాను. బాపు చెప్పిండా అని వాటిని ఒడిలో పెట్టుకుంది.

అబద్ధాలు ఇంత సులువుగా వస్తాయని నాకు తెలియనిది కాదు. అయితే ఆమె ముఖం అలా వెలిగిపోతుందని అనుకోలేదు. ఆ వెలుగు చూశాక నిజం చెప్పడం ఇంకా కష్టమైంది.

పండుగ

పొద్దున మందిరం వెనక గదిలో అందరం గౌన్లు వేసుకుంటున్నాం. బయట గుస్సాడీ వేషాలు కట్టిన పిల్లల నాట్యం, డప్పులు. నా చొక్కా మరక గౌను కింద కనిపిస్తుందా అని అద్దంలో చూసుకుంటుంటే ఫోన్ మోగింది. యాకోబు.

డప్పుల్లో మాట సరిగా వినపడలేదు. అతను గొంతు సవరించుకున్నాడు.

"సార్, అయ్యగారు నిద్రించిన్రు."

మా వైపు నిద్రపోతే పండుకున్నడు అంటారు. నిద్రించడం అనే మాట మాకు సమాధి రాళ్ల మీద, చావు కార్డుల మీద మాత్రమే ఉంటుంది. ప్రభువునందు నిద్రించారు అని. జీవితమంతా తెలుగు చెప్పినవాణ్ని, ఆ కార్డులు ఎందరికో రాసిపెట్టినవాణ్ని. అయినా, చాయను తేనీరు అనే మనిషి కాబట్టి నిద్రను కూడా ఇలాగే అంటాడనుకున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. అది చెప్పడానికి సిగ్గుగా ఉంది. ముందురోజు నేను చెప్పిన అబద్ధం నిజమైందని నాకు సంతోషమేసింది. అతని గొంతు వణికిన సంగతి నా చెవికి చేరింది, నేనే దాన్ని లోపలికి రానివ్వలేదు.

"సరే యాకోబూ. లేపకున్రి," అన్నాను. "మేము చెప్పేదాక లేపకున్రి. అమ్మకు నేను చెప్త."

అతను, చిత్తం సార్ అన్నాడు. ఇంకేదో అనబోయాడు. ఊరేగింపు మొదలవుతోందని నన్ను పిలిచారు. ఫోన్ పెట్టేశాను.

వరసలో నడుస్తూ కరుణ పక్కకు చేరి చెవిలో చెప్పాను, బాపు పండుకున్నడట, లేపొద్దన్న అని. ఆమె నడక ఆగింది. వెనకవాళ్లు కూడా ఆగారు.

"లేపొద్దన్నా. పండుకోనీ. దీవెన సాయంత్రం నేనే పోయి తీసుకుంట."

ఆమెకు మెరూన్ రంగు అంగీ తొడిగారు, మెడలో పతకం వేశారు. తండ్రి దీవెన వంతు వచ్చినప్పుడు ఆమే మైకు దగ్గరకు వెళ్లింది. మా బాపు చాలా నెలల తర్వాత ఈ పొద్దున నిద్రపోతున్నాడని, ఆ నిద్ర చెడగొట్టడం ఇష్టం లేదని, తనకు ఇవాళ దొరికిన అన్ని కానుకల్లో అదే పెద్దదని చెప్పింది. మందిరమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. తరువాత నా ప్రశంస చదివాను. అదీ బాగుందన్నారు.

ఫోన్

భోజనాలయ్యాక చేతులు కడిగే చోటు నుంచి యాకోబుకు ఫోన్ చేశాను. అయ్యగారు లేచిండా అని అడిగాను.

 అటు నుంచి జనం గుసగుసలు, ఎవరో ఆడవాళ్ల ఏడుపు వినిపించాయి.

"గదేం మాట సార్," అన్నాడు యాకోబు. ఈసారి గ్రంథం మాట కాదు, ఇంటి మాట. "పొద్దుగాల్నే పాణం వోయె. మీకు చెప్పిన గద. మీరు లేపకున్రి అంటిరి. అమ్మ వచ్చేదాక లేపద్దని అందరికి చెప్పిన. పెట్టె గూడ తెచ్చినం."

ఈ ప్రాంతం కాని వాళ్లకు ఒక మాట చెప్పాలి. మా వైపు చావింట్లో లేపడం అంటే శవాన్ని లేపడం. ఎప్పుడు లేపుతరు అనే అడుగుతారు. అతను అన్న మాట నేను నిద్ర అనుకున్నాను, నేను అన్న మాట అతను చావు అనుకున్నాడు. ఇద్దరం ఒకరికొకరం అర్థమయ్యామనుకుని ఫోన్లు పెట్టేశాం. తప్పు మాటలదే అని నన్ను ఓదార్చిన స్నేహితులున్నారు. ఇంకొక్క క్షణం ఫోన్ చెవి దగ్గర ఉంచి ఉంటే మాటలు వాటంతటవే సర్దుకునేవి.

కరుణ మెట్ల మీద ఫొటోలు దిగుతోంది. ఆ వరస అయ్యేదాకా ఆగాను. అది దయ అని నాకు నేను చెప్పుకున్నాను. భయం తప్ప మరేమీ కాదు. తర్వాత ఆమెను పక్కకు పిలిచి చెప్పాను. మొదట అర్థం కానట్టు చూసింది.

"పండుకున్నడన్నవ్ గదా," అన్నది.

వచ్చిన దారినే

అదే ఘాట్, అదే లోయ. కారులో ఆమె అంగీ మడిచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. సీతాఫలాల ఆమె మా కారు చూసి గంప ఎత్తి చూపించింది. ఆగలేదు. ఘాట్ దిగాక కరుణ మాట్లాడింది.

"ఒక్క రాత్రన్న వీపు ఆన్చి పండుకున్నడు. గదే చాలన్నా నాకు."

చెప్పాల్సిన చోటు అదే. చెప్పలేదు. కిటికీ అద్దం దింపి, మళ్లీ ఎక్కించాను.

ఊరు చేరేసరికి పొద్దు వాలుతోంది. ఇంటి ముందు జనం లేచి దారిచ్చారు. మంచం మీద అయ్యగారిని వెల్లకిలా పడుకోబెట్టారు, భుజం మీద అదే తువ్వాలు. కరుణ పక్కన కూర్చుని ఆయన చేతిని తీసి తన తల మీద పెట్టుకుంది. పట్టు వదిలితే అది జారిపోతోంది. రెండు చేతులతో పట్టుకుని అలాగే ఉంచుకుంది.

"అన్నా," అన్నది నా వైపు చూడకుండా. "నువ్వు విన్నవ్ గదా. ఏమన్నడో చెప్పు. ఇప్పుడు చెప్పు."

అందరూ నా వైపు చూశారు. ఒక మంచి దీవెన అల్లడం నాకు కష్టం కాదు. అలాంటి వాక్యాలు రాసే కదా బతికాను. ఆ ముసలాయన మాట్లాడే తీరు కూడా నాకు తెలుసు. ఆమె నమ్మేది, జీవితమంతా దాచుకునేది. నోటి దాకా వచ్చింది కూడా.

"వినలేదమ్మా," అన్నాను. "చెప్తనన్నడు. నేనే గొంతు దాచుకోమన్న. ఆ రాత్రి ఇక్కడ లేను. లాడ్జిల పండుకున్న. ఆయన పండుకున్నడో లేదో నాకు తెల్వది."

ఆమె పట్టు వదిలింది. తండ్రి చెయ్యి జారి మంచం మీద పడింది. ఆయన నీకైనా చెప్పిండా అని యాకోబు వైపు తిరిగి అడిగింది.

"లేదమ్మా. నిన్న నేనే అడిగిన, జర చెప్పున్రి అయ్యగారు అని. ఊఁహూఁ అన్నడు. సార్ దాచుకోమన్నడు, బిడ్డె కోసం దాచుకుంటున్న అన్నడు. పొద్దంత సైగలే జేసిండు. నీళ్లు గూడ సైగ జేసే అడిగిండు."

ఎవరో ఆడమనిషి గట్టిగా ఏడ్చింది. కరుణ ఏడవలేదు. లేచి, కారులోంచి మెరూన్ అంగీ తెప్పించి, తండ్రి కాళ్ల మీద కప్పింది. అంచులు రెండు వైపులా సరిచేసింది, సభలో కుర్చీల గుడ్డ సరిచేసినట్టే.

చీకటి పడకముందే నిర్ణయం జరగాలి. చుట్టాలు ఇంకా దారిలో ఉన్నారు. యాకోబు దగ్గరికి వచ్చి మెల్లగా, ఎప్పుడు లేపుదమమ్మా అని అడిగాడు. 

"పొద్దుగాల," అన్నది కరుణ. తరువాత నా వైపు తిరిగింది. ఆ ముఖంలో కోపముందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

"ఈ రాత్రి నువ్వు బాపు తాన ఉండన్నా."

ఉంటానమ్మా అన్నాను. యాకోబు కుర్చీ తెచ్చాడు. వద్దని చాప అడిగి తీసుకున్నాను. ఆయన కూర్చునే గోడ దగ్గరే పరిచాను. సున్నం నల్లబడిన చోట వీపు ఆన్చడానికి మనసొప్పలేదు. కొంచెం పక్కకు జరిగి కూర్చున్నాను.